క్యూటీ చట్రముతో కిటికీ ప్రోగ్రాము వ్రాయుట

కంప్యూటరు విద్య నారంభించిన బాలురు, బాలికలు మొదట వ్రాయు ప్రోగ్రాము మీదినుండి క్రిందికి నడచునది. అది ఒక ప్రశ్న వేయును, జవాబు పుచ్చుకొనును, లెక్క కట్టును, ఫలితమును చూపి ముగియును. అది అడిగినపుడే మనము చెప్పవలెను; అది ఊరకున్నపుడు మనమును ఊరకుండవలెను. కాని మనము దినదినము వాడుకొను ప్రోగ్రాములు అట్టివి కావు. తెరమీద నొక కిటికీ తెరచుకొనును. అందు మీటలు, గడులు, పట్టికలు ఉండును. వాడుకొనువాడు మొదట ఏ మీట నొక్కునో, ఏ గడిలో వ్రాయునో, నడుమ కిటికీని పెద్దది చేయునో, విసుగు పుట్టి మూసివేయునో వ్రాసినవానికి ముందుగా తెలియదు. ఇట్టి ప్రోగ్రామును పాత పద్ధతిని వ్రాయబూనిన విద్యార్థి కొలది సేపటిలోనే చిక్కులలో పడును.

ఈ చిక్కునకు బుద్ధిమాంద్యము కారణము కాదు. ప్రోగ్రాము యజమానియై మనుష్యుని నడిపించు పద్ధతి వేఱు. మనుష్యుడు యజమానియై ప్రోగ్రామును నడిపించు పద్ధతి వేఱు. రెండవ పద్ధతికి తగిన పనిముట్టు వస్తుప్రధానమైన చట్రము. దీనినే ఫ్రేమువర్కు అందురు. ఇట్టి చట్రములు పెక్కు గలవు. యాపిల్ సంస్థ మాకిన్‌టోష్ యంత్రములకై 1985లో మాక్‌యాప్ అను దానిని, మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ కొఱకు 1992లో ఎం.ఎఫ్.సి. అను దానిని వెలువరించెను. మేము ఈ పాఠమునకు క్యూటీ అను చట్రమును తీసికొంటిమి. అందుతో వ్రాసిన ప్రోగ్రాము విండోస్, మాక్, లినక్సు మూడింటిమీదను నడచును గనుక పాఠశాలలో లినక్సు యంత్రముమీద వ్రాసిన పనిని విద్యార్థి ఇంటివద్ద విండోస్ యంత్రముమీద కొనసాగింపవచ్చును. నేర్చుకొనువారికి రుసుము లేకుండ దొరకును. సీ ప్లస్ ప్లస్ భాష వచ్చినవారు ఆ భాషలోను, పైథాన్ నేర్చినవారు పైసైడ్ అను దానిద్వారా పైథాన్‌లోను దానిని వాడుకొనవచ్చును. చలనచిత్రములు చూచుటకు వాడు వి.ఎల్.సి., దేశపటములతో పనిచేయువారు వాడు క్యూజిస్ మొదలగు ప్రసిద్ధ ప్రోగ్రాముల కిటికీలు ఈ చట్రముతో కట్టినవే.

వస్తుప్రధాన మార్గమునకును, ఈ చట్రమునకును కూడ జన్మస్థానము నార్వే దేశమగుట గమనింపదగినది. ఓస్లో నగరములోని నార్వే గణనకేంద్రమున ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అను నిరువురు పండితులు 1960 దశకమున సిములా అను భాషను నిర్మించిరి. వరుసలలో వేచియుండు జనులు, యంత్రశాలలలో సాగు పనులు మొదలగు లోకవ్యవహారములను కంప్యూటరులో ననుకరించి చూచుట వారి యుద్దేశము. లోకమున వస్తువులున్నవి, ప్రతి వస్తువునకును తన స్థితి, తన పని యున్నవి, కావున ప్రోగ్రాములోను అట్లే యుండవలెనని వారు భావించిరి. క్లాసు, వస్తువు, వారసత్వము అను మూడు భావములును సిములా 67లో కనబడును. ఆ కృషికై వారికి 2001 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము లభించినది. మఱుసటి సంవత్సరము, 2002లో, ఇరువురును గతించిరి. డెన్మార్కు దేశీయుడగు బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ కేంబ్రిడ్జిలో చదువుచు సిములాను వాడి చూచి, 1979లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున సీ భాషకు క్లాసులను జోడింప మొదలిడెను. అదియే నేటి సీ ప్లస్ ప్లస్.

క్యూటీ కథ 1990 వేసవిలో మొదలైనది. హావర్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ అను నార్వే దేశపు యువకులిద్దఱు వైద్యులు చూచు అల్ట్రాసౌండు బొమ్మలను భద్రపఱచు ప్రోగ్రామొకటి వ్రాయుచుండిరి. అది యూనిక్సు, మాకిన్‌టోష్, విండోస్ మూడింటిమీదను నడువవలసియుండెను. ఒకనాడు ఉద్యానవనములో బల్లపై కూర్చుండి మాటలాడుకొనుచుండగా, తెరమీది పనికి వస్తుప్రధానమైన ఏర్పాటొకటి కావలెనని నోర్డ్‌కు తోచెను. 1991లో వ్రాత ప్రారంభమై, 1995 మే 20వ తేదీన మొదటి ప్రతి లోకమునకు వెలువడెను. నోర్డ్ వాడు అచ్చులో క్యూ అను అక్షరము అందముగా కనబడుటచే దానిని పేరునకు ముందుంచిరట! పనిముట్ల పెట్టె యను అర్థమిచ్చు ఆంగ్లపదపు మొదటి అక్షరము టీ. నామకరణమునందు ఇంత నిరాడంబరత మాకు నచ్చినది. వారు 1994లో స్థాపించిన సంస్థకు తరువాత ట్రోల్‌టెక్ అని పేరు వచ్చెను. 2008లో దానిని నోకియా కొనెను. తరువాత చేతులు మాఱి నేడు ఫిన్లాండు దేశపు క్యూటీ గ్రూపు అధీనమున నున్నది. 2020 డిసెంబరులో ఆఱవ ప్రధాన ప్రతి వెలువడినది.

ఇక పాఠములోనికి పోదము. పాఠశాలకు పనికివచ్చు మార్కుల పట్టిక ప్రోగ్రాము నొకదానిని ఉదాహరణముగా తీసికొందము. కిటికీలో విద్యార్థి పేరు వ్రాయుట కొక గడి, మార్కులు వేయుటకు ఇంకొక గడి, "చేర్చు" అను మీట, క్రింద పట్టిక, అడుగున మొత్తము. ఇంతే.

క్లాసు అనగానే మన పిల్లలకు గోడలు, బల్లలు, హాజరుపట్టీ జ్ఞప్తికి వచ్చును. ఇక్కడ క్లాసనగా అచ్చు. ఇటుకలు కోయువానియొద్ద కొయ్య అచ్చొకటి యుండును. దానినుండి వేలకొలది ఇటుకలు వచ్చును. అచ్చుతో గోడ కట్టలేము, ఇటుకతోనే కట్టుదుము. ఐనను అచ్చు లేనిదే ఇటుక లేదు. క్యూటీలో క్యూపుష్‌బటన్ అనునది మీట యొక్క అచ్చు. దానినుండి మన "చేర్చు" మీట ఒక వస్తువుగా పుట్టును. కావలసినచో "తీసివేయు" మీట మఱియొక వస్తువుగా పుట్టును. రెండింటి పేర్లు వేఱు, స్థానములు వేఱు. నొక్కినపుడు లోపలికి కుంగి కనబడు నడత మాత్ర మొక్కటియే. ఇటుకకును ఈ వస్తువునకును భేద మొకటి కలదు. ఇటుక తాను చేయున దేమియు లేదు. ఈ వస్తువు తన స్థితిని తానే కాపాడుకొనును. పైవారు దానిని అడుగవలసినదే కాని లోపల చేయిపెట్టి మార్పరాదు.

ఈ కాపాడుకొనుటను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన దీనివలన ఒక బాలికకు అన్యాయము జరుగబోయి తప్పినది. కంప్యూటరు సంఘములోని పదవ తరగతి విద్యార్థులిద్దఱు ఇట్టి మార్కుల ప్రోగ్రామునే వ్రాసిరి. మార్కుల కొఱకు క్యూస్పిన్‌బాక్సు అను అంకెల గడిని పెట్టిరి. అంతకుముందే ఫైలులో వ్రాసియుంచిన మార్కులను ఒక్కొక్కటిగా ఆ గడిలోనికి తెచ్చి, సరిచూచి, "చేర్చు" మీట నొక్కుచు పట్టిక నింపిరి. అన్నియు సరిపోయినట్లే యుండెను. కాని గణితమున నూటికి నూఱు వచ్చిన బాలికకు పట్టికలో 99 పడెను. మొత్తమున ఆమెకును మఱియొక బాలునకును సమానముగా రావలసియుండగా ఆమె ఒక్క మార్కు తక్కువై రెండవ స్థానమునకు దిగెను. దిద్దిన సమాధానపత్రము ఆమె చేతిలో నుండుటచేత, ప్రగతిపత్రములు పంచకముందే ఆమె వచ్చి చూపినది. నూఱు మార్కులు వచ్చినవారు తరగతిలో మఱెవ్వరును లేరు గనుక తక్కిన నలువదిమంది పట్టికలోను దోషము కనబడలేదు.

కారణమేమి? ఆ అంకెల గడికి వేఱుగా చెప్పనిచో క్యూటీ పెట్టు హద్దు 0 మొదలు 99 వఱకు. నూఱు ఉంచుమని దానిని కోరినపుడు అది తన హద్దును దాటక 99 ఉంచుకొన్నది; ఫిర్యాదు చేయలేదు. వస్తువు తన ధర్మమును తాను నెఱవేర్చినది. కాని కాపలావానికి ఇయ్యవలసిన ఆజ్ఞ మనము ఇయ్యలేదు. సెట్‌రేంజ్ అను క్రియచే 0 నుండి 100 వఱకు హద్దును మొదట నిర్ణయించి, పిమ్మట మార్కును ఉంచవలెను. ఈ వరుస ముఖ్యము. మొదట మార్కు నుంచి తరువాత హద్దు పెంచినచో 99 అట్లే నిలిచిపోవును. పోయిన ఒక్క మార్కు తిరిగి రాదు. పరీక్షకు రాని విద్యార్థికి సున్న వేయుటయు న్యాయము కాదు. హద్దును -1 నుండి మొదలుపెట్టి, సెట్‌స్పెషల్‌వాల్యూటెక్స్ట్ అను క్రియకు "గైర్హాజరు" అను మాట నిచ్చినచో, గడిలోని విలువ అతి తక్కువ యైనపుడు అంకెకు బదులు ఆ మాటయే కనబడును. మొత్తము కట్టునపుడు ఆ -1ని కలుపకుండ విడుచుట వ్రాయువాని బాధ్యత.

ఇపుడు చట్రమనగా నేమో చెప్పుదము. కంప్యూటరు పరిభాషలో లైబ్రరీ అని వేఱొకటి కలదు. అది పేరునకు తగినట్లు గ్రంథాలయము వంటిదే. మనకు కావలసినపుడు మనము పోయి, కావలసిన పుస్తకము తెచ్చుకొందుము. అది మనలను పిలువదు. చట్ర మట్లు కాదు. అది కాలపట్టిక గల పాఠశాల వంటిది. గంట మ్రోగినపుడు ఏ ఉపాధ్యాయుడు ఏ గదికి పోవలెనో ముందే నిర్ణయమై యుండును. ఉపాధ్యాయుడు తన పాఠమును సిద్ధముచేసికొని యుండును. పిలుపు మాత్రము పాఠశాలది. క్యూటీలో మనము వ్రాయునవి పాఠములు, పిలుచునది చట్రము. ఈ తలక్రిందుల ఏర్పాటు మనసున కెక్కువఱకు విద్యార్థి "నా ప్రోగ్రాము ఎక్కడ మొదలగుచున్నది?" అని వెదకుచునే యుండును.

ప్రోగ్రాము మొదట క్యూఅప్లికేషన్ అను వస్తువు నొకదానిని పుట్టించి, కిటికీని కట్టి, చూపుమని చెప్పి, చివరకు ఎగ్జెక్ అను క్రియను పిలుచును. అక్కడనుండి అధికారము చట్రమునకు పోవును. అది తపాలా కచ్చేరి కిటికీ వద్ద కూర్చున్న గుమాస్తావలె వచ్చినవారిని వచ్చిన వరుసను చూచి పంపుచుండును. మౌసు కదలినది, మీట నొక్కబడినది, కిటికీ పెద్దదైనది, గడియారము తట్టినది అను ప్రతి సంఘటనయు ఆ వరుసలో నిలుచును. దాని వంతు రాగానే సంబంధించిన వస్తువునకు అప్పగింపబడును. చివరి కిటికీ మూయబడినపుడు వరుస ముగియును, ఎగ్జెక్ తిరిగి వచ్చును.

మీట నొక్కినపుడు జరుగు పనిని మీటలోనే వ్రాయుట మంచిది కాదు. మీటకు మార్కులతో పనియేమి? ఇందులకు ఐరిక్ చాంబె-ఎంగ్ 1992లో కనుగొన్న ఉపాయము సిగ్నలు, స్లాటు అనునవి. పాఠశాల గంటను తలచుకొనుడు. బంట్రోతు గంట కొట్టును. దానిని విని చిన్న తరగతులవారు ఇంటికి పోదురు, వంటవారు వడ్డన మొదలిడుదురు, ఉపాధ్యాయులు గదులు మారుదురు. ఎవరెవరు వినుచున్నారో గంటకు తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. రేపు తోటమాలి కూడ ఆ గంటను విని నీళ్లు పెట్టవలెనన్నచో గంటను కరగించి మరల పోతపోయ నక్కఱలేదు. తోటమాలికి చెప్పిన చాలును. అట్లే మీట "క్లిక్డ్" అను సిగ్నలును వెలువరించును. కనెక్ట్ అను క్రియచే దానిని మన "చేర్చు" పనికి ముడివేయుదుము. అదే సిగ్నలును మొత్తము కట్టు పనికిని ముడివేయవచ్చును. ఎవరును విననిచో సిగ్నలు గాలిలో కలియును, దోషమేమియు చూపబడదు. కావున మీట నొక్కినను పని జరుగలేదని విద్యార్థి చెప్పినపుడు మేము మొదట అడుగునది "ముడి వేసితివా?" అనియే.

ఆ ముడిలో నొక సూక్ష్మము కలదు. సీ ప్లస్ ప్లస్ భాషకు ఈ సిగ్నళ్లు స్వతహాగా తెలియవు. అందుచేత మోక్ అను చిన్న ప్రోగ్రాము మన వ్రాతను ముందుగా చదివి, కావలసిన అదనపు వ్రాతను తానే వ్రాసిపెట్టును. మన క్లాసు మొదట క్యూ ఆబ్జెక్ట్ అను గుర్తును ఉంచిననే మోక్ దానిని గమనించును. పాత ప్రతులలో సిగ్నలు పేరును మాటలుగా వ్రాయుదురు; ఒక్క అక్షరము తప్పినను ప్రోగ్రాము నడచునపుడు గాని తెలియదు. అయిదవ ప్రతినుండి క్రియను నేరుగా చూపు పద్ధతి వచ్చినందున తప్పును కంపైలరే ముందుగా పట్టును. క్రొత్తగా నేర్చుకొనువారు పాత పుస్తకములలోని పద్ధతిని విడిచి దీనినే అభ్యసింపవలెనని మా అభిప్రాయము. పైథాన్‌లో వ్రాయువారికి మోక్ తో పని లేదు.

విద్యార్థులను మిక్కిలి తికమక పెట్టునది వేఱొకటి కలదు. "పేరెంట్" అను మాట ఈ విద్యలో రెండర్థములలో వాడబడుచున్నది. ఒకటి వంశము, రెండవది గృహము. మన కిటికీ క్లాసు క్యూవిడ్జెట్ అను క్లాసునుండి పుట్టినది, మీట క్లాసును అంతిమముగా క్యూవిడ్జెట్ సంతతియే. క్యూవిడ్జెట్ క్యూఆబ్జెక్ట్ సంతతి. ఇది వంశము. చూపబడుట, దాచబడుట, పరిమాణము మార్చుకొనుట మొదలగు గుణములు మీటకు వంశమునుండి వచ్చినవి. మఱి తెరమీద ఆ మీట మన కిటికీలోపల నున్నది. కిటికీ దానికి గృహము. ఇక్కడ కిటికీని మీట యొక్క పేరెంట్ అందురు. వసతిగృహములోని బాలునకు అధికారి సంరక్షకుడే కాని తాత కాడు. వానిచేత అన్నము పెట్టించుకొనును గాని వాని ముక్కును వాని స్వరమును తెచ్చుకొనడు.

గృహసంబంధమునకు క్యూటీలో నియమము కఠినము. గృహము పోయినచో అందలి వారందఱును పోవుదురు. కిటికీ వస్తువును నశింపజేసినపుడు దానిలోని గడులు, మీటలు, పట్టిక అన్నియు తమంతట తాము నశించును. సీ ప్లస్ ప్లస్‌లో ప్రతి వస్తువును మనమే గుర్తుంచుకొని తొలగింపవలసిన భారమును ఈ నియమము చాల తగ్గించినది. పైథాన్‌లో వ్రాయువారు దీనికి విపరీతమైన వింతను చూతురు. ఒక క్రియలోపల కిటికీని పుట్టించి, దానికి పేరెంట్ నీయక, మఱెక్కడను పట్టి యుంచక, చూపుమని చెప్పి క్రియను ముగించినచో, కిటికీ మెఱుపువలె కనబడి మాయమగును. ఆ వస్తువును ఎవరును పట్టుకొని యుండలేదు గనుక పైథాన్ దానిని చెత్తగా నెంచి ఊడ్చివేసినది. యంత్రము చెడినదని పిల్లలు వాపోవుదురు. వస్తువునకు ఇల్లు చూపిన చాలును.

గడులను తెరమీద నమర్చుట తేలికపని యని తలంతురు. ఎడమనుండి ఇన్ని చుక్కలు, పైనుండి ఇన్ని చుక్కలు అని లెక్కపెట్టి యుంచువారు గలరు. ఆంగ్లమున వ్రాసిన మాటలకు అది కొంతవఱకు చెల్లును. తెలుగునకు చెల్లదు. మన లిపిలో గుడులు, కొమ్ములు పైకిని, ఒత్తులు క్రిందికిని పోవును. ఆంగ్లాక్షరముల ఎత్తునకు కొలిచి పెట్టిన గడిలో "మొత్తము" అని వ్రాసిన తకారపు ఒత్తు సగము తెగిపోవును. కావున కొలతలను మనము పెట్టక, లేఔట్ అను అమరికకు విడువవలెను. నిలువు వరుసకు, అడ్డు వరుసకు, చదరములకు, ప్రశ్న పత్రమువలె పేరు ఒకవైపు గడి ఒకవైపు ఉండుటకు వేఱువేఱు అమరికలు గలవు. ఇవి ప్రతి వస్తువును "నీకెంత చోటు కావలెను?" అని అడిగి, అచ్చు పరిమాణమును బట్టి అది చెప్పిన జవాబు ననుసరించి స్థలము పంచును.

తెలుగు ప్రస్తావన వచ్చినది గనుక పేర్ల గడిని గూర్చియు చెప్పుదము. మన కంటికి "స్త్రీ" ఒక్క అక్షరము. కంప్యూటరునకు అది ఆఱు సంకేతముల వరుస: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘమైన గుడి. ఈ ఆఱింటిని చూచి హర్ఫ్‌బజ్ అను భాగము ఒక రూపముగా కూర్చి క్యూటీకి అందించును. "లక్ష్మీప్రసన్న" అను పేరు మనకు అయిదక్షరములు. గడి లెక్కలో పదునాలుగు. పేరు పది అక్షరములను మించదని తలచి సెట్‌మాక్స్‌లెంగ్త్ అను క్రియకు 10 అని ఇచ్చినచో ఆ బాలిక పేరు "లక్ష్మీప్ర" వద్ద తెగిపోవును. ప్రోగ్రాము వ్రాయువాడు తన మాతృభాషను గూర్చి యోచింపకుండుటచే పిల్లల పేర్లే విఱిగిపోవుట చూచుటకు బాధాకరము. ఆ గడికి వేఱుగా చెప్పనిచో ఉండు హద్దు ముప్పదిరెండు వేలకు పైబడి యున్నది. దానిని తగ్గింపవలసిన అగత్యము మార్కుల పట్టికలో లేదు.

పట్టికను రెండు విధముల చేయవచ్చును. క్యూటేబుల్‌విడ్జెట్ అను దానిలో మార్కులను నేరుగా గడులలో నింపవచ్చును. చిన్నపనికి అది చాలును. కాని తరగతి మార్కులను ఒక కిటికీలో పట్టికగాను, ఇంకొక కిటికీలో స్తంభముల బొమ్మగాను చూపవలసివచ్చినపుడు, ఒకచోట దిద్దినది మఱొకచోట దిద్దకుండ పోవును. రిజిస్టరు ఒక్కటే యుండి, చూచువారు పలువురు ఉండుట మేలు. ఈ భేదమును మొదట స్పష్టముగా చెప్పినవాడును నార్వే దేశీయుడే. ట్రిగ్వె రేన్‌స్కౌగ్ 1979లో అమెరికాలోని జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో కేంద్రమున, స్మాల్‌టాక్ అను భాషతో పనిచేయుచు దీనిని ప్రతిపాదించెను. క్యూటీలో రిజిస్టరును మోడల్ అనియు, చూపునదానిని వ్యూ అనియు అందురు.

మోడల్ వ్రాయునపుడు చట్రము మనలను పిలుచుట యనునది చక్కగా తెలియవచ్చును. వ్యూ మన మోడల్‌ను ప్రశ్నించును: ఎన్ని వరుసలు? ఎన్ని నిలువుగళ్లు? ఈ గడిలో నేమి వ్రాయవలెను? కుడికి జరుపవలెనా, ఎడమకా? రంగేమి? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జవాబు మన మీయవలెను. ఉత్తీర్ణతకు 35 మార్కులని పెట్టుకొన్నచో, అంతకు తక్కువైన గడికి రంగు ప్రశ్న వచ్చినపుడు ఎఱుపని చెప్పుదుము. క్రొత్త విద్యార్థిని చేర్చునపుడు, వరుస చేర్చబోవుచున్నామని ముందుగాను, చేర్చితిమని పిమ్మటను మోడల్ ప్రకటింపవలెను. ముందు ప్రకటన మఱచినచో వ్యూ తన లెక్క తప్పి అసందర్భముగా ప్రవర్తించును. స్తంభముల బొమ్మ గీయువారు క్యూవిడ్జెట్ నుండి పుట్టిన క్లాసులో పెయింట్‌ఈవెంట్ అను క్రియను తమ పద్ధతిని మరల వ్రాయుదురు. దానిని మనము స్వయముగా పిలువరాదు. బొమ్మ పాతబడినదని అప్‌డేట్ అను క్రియచే తెలిపినచో, చట్రము తన వరుసలో తగిన సమయమున పిలుచును.

వంశమును గూర్చి ఒక మాట. వారసత్వము రుచి తగిలిన విద్యార్థులు ప్రతిదానికిని క్రొత్త క్లాసు పుట్టింతురు. ఎఱ్ఱమీట క్లాసు, పెద్ద ఎఱ్ఱమీట క్లాసు, పెద్ద ఎఱ్ఱ చేర్చుమీట క్లాసు! ఇది వృథా. రంగు, పరిమాణము వస్తువు స్థితిలోనివి. నడత మారినపుడే క్రొత్త క్లాసు కావలెను.

నాలుగువందల ప్రగతిపత్రములను ఒక్కమారుగా తయారుచేయు మీటను పెట్టినపుడు మఱొక చిక్కు వచ్చును. తపాలా గుమాస్తా ఒక్కని పనిమీదనే అరగంట కూర్చున్నచో వెనుక నున్న వరుస కదలదు. కిటికీ తెల్లబోవును, మౌసు నొక్కినను పలుకదు, ప్రోగ్రాము స్పందించుట లేదని విండోస్ ప్రకటించును. తొందరపడి దానిని బలవంతముగా మూసివేసినచో అంతవఱకు వేసిన మార్కులు పోవును. ఇట్టి దీర్ఘమైన పనిని క్యూథ్రెడ్ అను వేఱొక పనివానికి అప్పగింపవలెను. కాని ఆ పనివాడు తెరమీది గడులను ముట్టరాదు; అది ప్రధాన గుమాస్తాకే చెల్లును. ఎన్ని పత్రములు పూర్తియైనవో పనివాడు సిగ్నలుద్వారా తెలియజేయవలెను. ఆ సిగ్నలు వరుసలో నిలిచి, వంతు వచ్చినపుడు తెరమీద కనబడును.

చివరిది కిటికీ మూయుట. మూయు గుర్తు నొక్కినపుడు చట్రము క్లోజ్‌ఈవెంట్ అను క్రియను పిలుచును. దానిని మనము మరల వ్రాసి, భద్రపఱచని మార్కులున్నచో "భద్రపఱచెదరా, విడిచెదరా, మూయుట మానెదరా?" అని అడుగవలెను. మానెదమన్నచో ఆ సంఘటనను ఇగ్నోర్ అను క్రియచే త్రోసిపుచ్చినచో కిటికీ మూతపడదు. ఇక భద్రపఱచుటను గూర్చి. పాత ఫైలును తెరచి దానిమీదనే వ్రాయుచుండగా విద్యుత్తు పోయినచో పాతదియు పోవును, క్రొత్తదియు సగమే యుండును. వేసవిలో మన ఊళ్లలో ఇది అరుదైన సంగతి కాదు. క్యూసేవ్‌ఫైల్ అను క్లాసు ముందుగా ప్రక్కన నొక తాత్కాలికమైన ఫైలులో సర్వమును వ్రాసి, కమిట్ అని మనము చెప్పినపుడు మాత్రమే దానిని పాతదాని స్థానమున ఉంచును. నడుమ ఆగినచో పాత ఫైలు చెక్కు చెదరక యుండును.

వేసవి సెలవులలో ఈ ప్రోగ్రామును వ్రాయదలచువారు అంకెల గడి, పేరు గడి, మీట ఈ మూడింటితో మొదలిడి, కనెక్ట్ ముడి సరిగా పడినదని చూచుకొనిన పిమ్మటనే పట్టికకు పోవలెను. పరీక్షించుటకు వేయు పేర్లలో "లక్ష్మీప్రసన్న"యు, మార్కులలో 0, 35, 100, గైర్హాజరును తప్పక ఉండవలెను. క్యూసేవ్‌ఫైల్‌ను పరీక్షింపగోరువారు భద్రపఱచుచుండగా ప్రోగ్రామును నడుమ చంపి చూడవచ్చును; ఐతే అసలు మార్కుల ఫైలుతో కాక దాని నకలుతో చేయవలెను.